బెన్యామీను తల్లి పేరు

1979 జూన్ 24, ఆదివారం. చిత్తూరు

అక్క కాన్పులో పోయి పది రోజులు. ఏడవడానికి కూడా రెండు చేతులూ ఖాళీగా ఉండాలని నాకు ఇప్పుడే తెలిసింది. బిడ్డను కింద పెడితే వాడు ఏడుస్తాడు. ఎత్తుకుంటే నాకు ఏడవడానికి వీలు కాదు. అమ్మ మాత్రం గోడకు ఆనుకుని తన వంతు, నా వంతు, బావ వంతు అంతా తనే ఏడ్చేస్తోంది.

రాజారత్నం బావ నాలుగో రోజే బంగారుపాళ్యం వెళ్లిపోయాడు. మామిడి రసం ఫ్యాక్టరీలో ఇది సీజను. లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి, కాటా దగ్గర గుమాస్తా లేకపోతే కాయలు కుళ్లిపోతాయట. పెళ్లాం మట్టి ఆరకముందే కాయలు కుళ్లిపోతాయని వెళ్లిన మనిషిని నేను ఏమీ అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

మొదటి వారం పక్కింటి అక్తరున్నీసా తన బిడ్డతో పాటు వీడికీ పాలిచ్చింది. ఇప్పుడు డబ్బా పాలు.

నేను ఈ పని చేసేది టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చేదాకానే. తేదీ వేసి మరీ రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 27

కింద పెట్టాను. ఏడ్చాడు. ఎత్తుకున్నాను.

జూలై 1, ఆదివారం

వీడికి పేరు నిర్ణయమైంది. నిర్ణయించింది నాయన.

నాయనకు పేర్ల పిచ్చి. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు బైబిలు వాక్యం చెప్పి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఎవరో దొర దగ్గర నాలుగు హెబ్రీ అక్షరాలు నేర్చుకున్నాడు. అప్పటి నుంచి దానియేలు కనబడితే ఆపి దానియేలు అర్థం చెబుతాడు, ఎలీసబెతు కనబడితే ఆమె అర్థం చెబుతాడు. వాళ్లు సంచీ బరువుతో నిలబడి వింటారు. పోస్టుమాన్ ధనంజయకు హెబ్రీ పేరు లేదని ఆయనకు ఇప్పటికీ బాధ.

ఈ పొద్దు మధ్యాహ్నం బిడ్డ పక్కన కూర్చుని చెప్పాడు. బైబిల్లో యాకోబు పెళ్లాం రాహేలు దారిలో నొప్పులు పడి మగబిడ్డను కని చనిపోయింది. ప్రాణం పోతూ బిడ్డను బెనోని అని పిలిచింది.

"బెన్ అంటే కొడుకు. బెనోని అంటే నా దుఃఖం కొడుకు అని. పాపం ఆ తల్లి బాధలో అట్లనింది. యాకోబు దాన్ని మార్చి బెన్యామీను అన్నాడు. యామీన్ అంటే కుడి చెయ్యి. కుడిచేతి కొడుకు. ఇంకో ఇచిత్రం సూడు. మన దక్షిణం అనే మాట మాదిరే అదిన్నీ. కుడిపక్కా అదే, దక్షిణ దిక్కూ అదే. యాడి యూదులు, యాడి మనము!"

ఆ సంతోషంలో పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి ఆయన ముఖంలో వెలుగు కనబడింది. నాకు మాత్రం రాహేలు దగ్గరే మనసు ఆగిపోయింది. ఆమె జీవితంలో ఆఖరున చెప్పిన మాట అది. ఆమె కళ్లు మూసుకోగానే మొగుడు దాన్ని తుడిచేశాడు.

మా అక్క ఆఖరున ఏ పేరూ చెప్పలేదు. నీళ్లడిగింది. ఇవ్వకూడదన్నారు.

నేను వీడిని బెనోని అనే పిలుస్తాను. ఇక్కడ మాత్రమే.

జూలై 9, సోమవారం

ఆర్డరు వచ్చింది! సూళ్లూరుపేట మిషన్ బాలికల పాఠశాల. ఆగస్టు ఆఖరుకు అక్కడ ఒక టీచరమ్మ రిటైరవుతుంది. సెప్టెంబరు మూడో తేదీ సోమవారం నేను చేరాలి, చేరకపోతే పట్టికలో తర్వాతి పేరుకు ఇచ్చేస్తారు. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు దీనికోసమే ఎదురుచూశాను. రాకెట్లు ఎగిరే చోటికి దగ్గరట. చిత్తూరు నుంచి ఎంత దూరమో మ్యాపులో మూడుసార్లు చూశాను.

అమ్మ కాగితం తీసుకుని, మడిచి, తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. "బద్రంగా ఉంటాది" అంది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఉద్యోగం గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

ఇంకా రెండు నెలలు ఉంది. బిడ్డకు మెడ నిలిచేదాకా ఉంటాను.

జూలై 15

అమ్మ అక్క చీరలు తీసి నా ముందు పెట్టింది. ఊరికే పడుంటే పురుగు పడుతుందట. పైగా, "ఆ వాసనకు బిడ్డ నిమ్మళంగా పండుకుంటాడే" అంది. పసుపు నేత చీర కట్టుకున్నాను. నిజంగానే వాడు నిమ్మళంగా పడుకున్నాడు. సాయంత్రం నాయన వసారాలోకి వచ్చి, నన్ను వెనక నుంచి చూసి, "జ్ఞానమ్మా" అని అక్కను పిలిచినట్టు పిలిచి, తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ చీర ఇంక కట్టను.

జూలై 17

కట్టాను. వాడు ఏడుస్తుంటే ఏం చేయను?

జూలై 22, ఆదివారం

బావ వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు, తిన్నెమీద కూర్చుంటాడు, అన్నం తింటాడు, సాయంత్రం బస్సుకు పోతాడు. బిడ్డను ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మొదట నేను గమనించలేదు. ఈ పొద్దు కావాలనే దగ్గరికి తీసుకెళ్లాను.

"వద్దు సంపూర్ణా. చేతులకంతా సొన ఉండాది. అంటితే బిడ్డకు పొక్కుతాది" అన్నాడు. చూపించాడు కూడా. మామిడి సొనకు వేళ్ల సందుల్లో చర్మం నల్లగా కాలిపోయి ఉంది. నాకు జాలేసింది, కోపం కూడా తగ్గింది.

అమ్మ గడప దగ్గర నిలబడి మా ఇద్దరినీ, మధ్యలో బిడ్డనూ చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో లెక్క సరిపోయిందన్నట్టు చూసింది.

ఆగస్టు 5, ఆదివారం

తోతాపురి కాయలు కూడా అయిపోయాయి, ఫ్యాక్టరీ మూసేశారు. బావ ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాడు. చేతులు తెల్లబడ్డాయి. సొన మాత్రం ఇంకా ఉందట.

అక్తరున్నీసా వచ్చి బిడ్డను ఒళ్లో వేసుకుంది. ఏం పేరు పెడుతున్నారని అడిగింది. చెప్పాను.

"బిన్యామీనా! మాలో గూడా ఉండాడు గదమ్మా. మా ప్రవక్త యూసుఫ్ నబీ తమ్ముడు. తల్లి లేని బిడ్డ" అంది. తర్వాత తిన్నె మీద కూర్చున్న బావ వైపు చూసి గొంతు తగ్గించింది. "మాలో పేరు పెట్టేది నాయనే. ఏడో దినమే పెట్టేయాల. ఈయప్ప యాభై దినాలైనా బిడ్డను ముట్టుకోడే? బిడ్డ మింద కోపమా?"

"సొన అక్కా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నువ్వు ఎత్తుకోనుండావు కాబట్టి ఆయనకు చేతులు రాలేదు. దించి సూడు" అంది.

ఆమెకేం, చెబుతుంది. దించితే ఏడ్చేది వీడు.

మెడ అప్పుడే నిలుస్తోంది. నవ్వుతున్నాడు కూడా, ముఖ్యంగా నన్ను చూసి. ఈ నెల ఇరవై ఆరున బాప్తిస్మం. అది అయ్యేదాకా ఉండి వెళ్తాను.

ఆగస్టు 12, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

చర్చిలో ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చున్నాను. బెనోని ఒళ్లో నిద్రపోతున్నాడు. ప్రసంగానికి ముందు పాస్టరు అయ్యగారు కాగితం తీసి పెళ్లి ప్రకటన చదివారు. భార్య చనిపోయిన రాజారత్నానికీ, కన్య అయిన సంపూర్ణకూ వివాహం నిశ్చయమైంది, మూడు ఆదివారాల ప్రకటనల్లో ఇది మొదటిది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపాలి.

మొదట ఎవరో వేరే సంపూర్ణ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత ముందు వరస ఆడవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఒకామె చెయ్యి చాపి నా మోకాలు తట్టింది.

నేను లేచి నిలబడి ఉండాల్సింది. లేస్తే బిడ్డ లేస్తాడని లేవలేదు.

అవును, బిడ్డ లేస్తాడనే.

ఆగస్టు 13

అడిగాను. అమ్మ గిన్నె కడుగుతూనే జవాబు చెప్పింది.

"నిన్ను ఏమడిగేది? రెండు నెలల్నుంచి నీ ఒంటిమింద నుంచి వాణ్ని దించినావా? బయటామెని తెస్తే వాణ్ని సూస్తాదా? అక్క పోతే చెల్లెల్నిచ్చేది కొత్తా మన ఊర్లో?"

"నా ఉద్యోగం?"

"ఉద్యోగం యాడికీ పోదు."

ఉద్యోగం సెప్టెంబరు మూడో తేదీ పోతుంది. అది అమ్మకూ తెలుసు. ఆర్డరు ఉన్నది ఆమె పెట్టెలోనే.

నాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నా కళ్లలోకి చూడకుండా పుస్తకం పేజీలు తిప్పాడు. "మీ బావ సరే అన్నాడమ్మా. నీకేం తక్కువ చెయ్యడు" అన్నాడు. అక్క పేర్లో జ్ఞానం పెట్టావు, నాకు సంపూర్ణ అని ఎందుకు పెట్టావు నాయనా అని అడిగాను. ఊరందరికీ పేర్ల అర్థాలు చెప్పే మనిషి పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"రెండోది గూడా ఆడబిడ్డే అని మీ అమ్మ ఏడ్చింది. ఇంక చాలు దేవా అని పెట్టినాము" అన్నాడు.

అడగకుండా ఉండాల్సింది.

ఆగస్టు 16

ఎవరూ నన్ను కొట్టలేదు, గదిలో వేసి తాళం పెట్టలేదు. వేళకు అన్నం పెడుతున్నారు. అందరూ నాతో ప్రేమగా ఉంటున్నారు, పెళ్లికూతురితో ఉన్నట్టు. ఊపిరాడటం లేదు.

ఆగస్టు 19, ఆదివారం

రెండో ప్రకటన. నేను వెళ్లలేదు. బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉందని చెప్పాను. ఉన్నది నాకే.

ఆగస్టు 22

నాయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఏదో మంచి మాట చెప్పబోయే ముఖం. మా చర్చిలో బాప్తిస్మానికి బిడ్డను తల్లి ఎత్తుకుని ముందుకు వెళ్తుంది. పేరు ఏమిటని అయ్యగారు అడిగితే, ఎత్తుకున్న మనిషే చెప్పాలి. ఆ మాట మీద చర్చి గుమాస్తా పెద్ద పుస్తకంలో తండ్రి పేరు, తల్లి పేరు రాసి అందరికీ చదువుతాడు.

"తల్లి పేరు కాడ నీ పేరే రాయించేస్తాను. అయ్యగారితో మాట్లాడినాను. రేపు వాడు బడికి పోతే తల్లి లేనోడని ఎవురూ అనకూడదు. పెద్దయినాక గూడా చెప్పనక్కర్లేదు. నువ్వే కన్నెట్లుంటాది."

"అక్క?"

"అక్క దేవుడి కాడ ఉండాది గదమ్మా. ఆమెకు పుస్తకం ఎందుకు?"

ఎంత ప్రేమగా చెప్పాడో! యాకోబు కూడా ఇంత ప్రేమగానే చేసి ఉంటాడు. బిడ్డ పేరులో దుఃఖం ఉండకూడదని తల్లి మాట తీసేశాడు. మంచికే. మా ఇంట్లో జరిగేవన్నీ మంచికే. ఆ మంచిలో అక్క మళ్లీ చచ్చిపోతుంది, నేను ఆమె గుంటలో నిలబడాలి.

ఇరవై ఆరో తేదీ పేరు చెప్పేది నేనే కదా. బెనోని అంటాను. గట్టిగా అంటాను. చర్చి అంతా వినేలా.

ఆగస్టు 24, శుక్రవారం

బావ బావి దగ్గర ఒంటరిగా దొరికాడు. బిడ్డ నా భుజం మీద ఉన్నాడు. దాపరికం లేకుండా అడిగేశాను.

"బావా, నీకు నన్ను చేసుకోవాలని ఉండాదా?"

బక్కెట కింద పెట్టాడు. "నువ్వే సరే అన్నావంటనే? అత్త చెప్పింది, బిడ్డ కోసరం సంపూర్ణ ఒప్పుకునిందని."

"నాకు నువ్వు ఒప్పుకున్నావని చెప్పినారు."

బక్కెటలో నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. మీసాల్లో నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ముప్పై ఏళ్లు కూడా లేవు ఆయనకు.

"నిన్ను సూస్తే నాకు జ్ఞానం గుర్తొస్తాది. ఆ చీరల్లో మరీ. వాణ్ని సూసినా అంతే. వాణ్ని ముట్టుకుంటే... వాడు రాకుంటే అది ఉండేది గదా అనిపిస్తాది. అట్ల అనుకునే చేతుల్తో బిడ్డను ఎత్తుకోవచ్చునా?"

"మరి మీ అత్తకు చెప్పు, పెళ్లి వద్దని."

"నాకు నోరు రాదు సంపూర్ణా. ఆమె కూతుర్ని చంపుకున్నాను నేను." ఏడ్చాడు. మగవాడు బావి దగ్గర నిలబడి ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియలేదు. బిడ్డ వైపు చూశాను. వాడు నా చెవి పట్టుకుని లాగుతున్నాడు.

ఆగస్టు 26, ఆదివారం

అన్నీ వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

అక్తరున్నీసా కుట్టి ఇచ్చిన తెల్ల గౌను వేశాం. అమ్మ నాకు అక్క పెళ్లి చీర ఇచ్చింది. నేను నా నీలం చీరే కట్టుకున్నాను. అమ్మ ముఖం మాడ్చుకుంది కానీ, చర్చికి ఆలస్యమవుతుందని ఊరుకుంది.

బాప్తిస్మం ముందు, ప్రకటన తర్వాత. అయ్యగారు పిలిచారు. బిడ్డను ఎత్తుకుని వెళ్లాను. పక్కన బావ, రెండడుగుల దూరంలో. ఎవరు చూసినా మొగుడూ పెళ్లాం అనుకుంటారు.

"ఈ బిడ్డకు ఏ పేరు పెడుతున్నారు?" అని అయ్యగారు అడిగారు.

బెనోని అనే మాట నా నాలుక మీదే ఉంది. రెండు నెలలు దాచుకున్నాను. ఒక్కసారి కిందికి చూశాను. వాడు నోరు తెరుచుకుని పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తున్నాడు. ఆ ముఖంలో దుఃఖం అనేదే లేదు. అప్పుడు తెలిసింది, ఆ పేరు వాడిది కాదు, నాది. నా దుఃఖాన్ని తీసుకెళ్లి వాడి తలమీద నీళ్లతో పాటు పోయబోయాను. నాయన నాకు చేసిందే నేను వాడికి చేయబోయాను. సిగ్గేసింది.

"పేరు పెట్టాల్సింది నేను కాదు అయ్యగారూ" అన్నాను. "ఆ కథలో గూడా పేరు పెట్టింది నాయనే." వెనక్కి తిరిగి బిడ్డను బావకు అందించాను.

ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. నేను ముందుకు ఒక అడుగు వేశాను. ఇంక ఎటు పోతాడు? వెనక బల్ల ఉంది. చేతులు చాపాడు. కాటామీద పండ్ల బుట్ట పెట్టేటప్పుడు పట్టుకున్నట్టు రెండు చేతుల మధ్య దూరంగా పట్టుకున్నాడు. బిడ్డ జారాడు. గబుక్కున గుండెకు పెట్టుకున్నాడు. వాడు ఏడ్చాడు. నేను అందుకోలేదు. నా జీవితంలో ఇంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటం.

"బెన్యామీను" అన్నాడు బావ. బిడ్డ ఏడుపులో వినబడలేదు. మళ్లీ అన్నాడు. "బెన్యామీను అయ్యగారూ. నా కొడుకు."

నీళ్లు పడ్డాయి. గుమాస్తా పుస్తకం తీసి చదువుతూ రాస్తున్నాడు. తండ్రి రాజారత్నం. తల్లి... సంపూర్ణ.

"జ్ఞానమ్మ" అన్నాను.

గుమాస్తా తలెత్తాడు. "ఆయమ్మ లేదు గదమ్మా ఇప్పుడు."

"లేదు. కనింది ఆమే. జ్ఞానమ్మ అని రాయండి. కనీ చనిపోయిందని గూడా రాయండి."

నాయన వైపు చూశాను. ముందు వరసలో తల దించుకుని కూర్చున్నాడు. కాసేపటికి, గుమాస్తా ఆయన వైపే చూస్తూ ఉండిపోతే, తల ఊపాడు. సంపూర్ణ అనే మాట కొట్టేసి పైన అక్క పేరు రాశారు.

తర్వాత మూడో ప్రకటన. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని ఎప్పటిలాగే అడిగి అయ్యగారు కాగితం మడవబోతున్నారు.

"నాకుండాది" అన్నాను.

"నువ్వు పెండ్లికూతురివి గదమ్మా!"

"అందుకే చెప్తా ఉండాను అయ్యగారూ. నన్నెవురూ అడగలేదు."

అయ్యగారు బావ వైపు చూశారు. బావ బిడ్డను సముదాయించడానికి అవస్థ పడుతూ, తలెత్తకుండానే, "చింపేయండి అయ్యగారూ" అన్నాడు.

అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆగస్టు 28

అమ్మ నాతో మాట్లాడటం లేదు. కానీ ఏడవటం ఆపేసింది. కోపానికి ఓపిక వచ్చినట్టుంది, లేచి బిడ్డకు నీళ్లు పోసింది. "ఏమే, నువ్వు పోతే నా మనవడు పస్తుంటాడనుకున్నావా" అని నాతో కాదు, గోడతో అంది.

ఆగస్టు 30

కింద పెట్టాను. ఏడ్చాడు. బావ వెళ్లి ఎత్తుకున్నాడు.

నాకు సంతోషం కావాలి కదా. వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను. వాడి కోసమో, అక్క కోసమో తెలియదు. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

సెప్టెంబరు 1, శనివారం. తిరుపతి బస్టాండు

ఇక్కడ బస్సు మారాలి. గంట ఆలస్యమట. అందుకని రాస్తున్నాను.

పొద్దున నాయన నా సంచీలో ఆర్డరు పెట్టాడు. అమ్మ దగ్గర తాళంచెవి ఎట్లా తీసుకున్నాడో అడగలేదు. చిత్తూరు బస్టాండుకు కూడా ఆయనే వచ్చాడు. బస్సు బయలుదేరబోతుంటే బావ పరుగెత్తుకొచ్చాడు. చంకలో బిడ్డ, గౌను వెనక ముందైంది, ఒక కాలికే మేజోడు.

"సంపూర్ణా! పాలపొడి ఎన్ని చెంచాలు? అత్తనడిగితే నీకే తెలుసంటాది!"

"మూడు! నీళ్లు కాగబెట్టి సల్లార్చి!"

"మూడా?"

"మూడే!"

బిడ్డ నన్ను చూసి నవ్వి చేతులు ఆడించాడు. దిగేద్దామనుకున్నాను. సంచీ కూడా పట్టుకున్నాను. కండక్టరు విజిలు వేశాడు. దిగలేదు.

సెప్టెంబరు 3, సోమవారం. సూళ్లూరుపేట

చేరాను. రెండో తరగతి ఇచ్చారు. సంతకం పెట్టేటప్పుడు పేరు అడిగితే చెప్పాను, ఎవరూ అర్థం అడగలేదు.

సాయంత్రం గదిలో కూర్చుంటే ఒక అనుమానం పట్టుకుంది. మూడు చెంచాలు అన్నాను కానీ, నిండుగానా, అంచుకు సమంగా గీసినవా చెప్పలేదు. నిండుగా వేస్తే వాడికి కడుపు ఉబ్బుతుంది. ఉన్నపళంగా పోస్టాఫీసుకు వెళ్లి కార్డు కొన్నాను. బావ పేరిట రాశాను, ఒకటే వాక్యం: బెన్యామీనుకు గీసిన చెంచాలు మూడే వేయాలి.

ఆ పేరు నా మాటగా రాయడం ఇదే మొదటిసారి.